దంతపరీక్షయు, దానిని గూర్చిన భయమును

గడచిన సంవత్సరము పరీక్షలకు ముందు మా తరగతిలోని బాలుడొకడు మూడు దినములు బుగ్గకు గుడ్డ కట్టుకొని, దవడలో లవంగము నొక్కిపెట్టుకొని కూర్చుండెను. దంతవైద్యునియొద్దకు పొమ్మంటిని. పోనని తల త్రిప్పెను. ఏలయని యడుగగా, "మా తాతగారికి పన్ను పెరికినప్పుడు నలుగురు పట్టుకొనిరటండీ" యని బదులు చెప్పెను. వానిని గద్దించుటకు నాకు నోరు రాలేదు. నేనును అట్టి భయముచేతనే రెండు దవడపండ్లను పోగొట్టుకొన్నవాడను.

పంటినొప్పి మిక్కిలి ఆలస్యముగా వచ్చు వార్తాహరుడు. పంటి పైపొర మన శరీరమునందలి పదార్థములన్నిటిలో కఠినమైనది, ఎముకకంటెను గట్టిది. అందు నరములు లేవు. మనము తినిన బెల్లము, మిఠాయి మొదలగువాని శేషమును నోటిలోని సూక్ష్మజీవులు పులియబెట్టగా పుట్టు ఆమ్లము ఆ పొరను కొంచెము కొంచెముగా కరగించుచుండును. పుచ్చు అందున్నంతకాలము మనకేమియు తెలియదు. రెండవ పొరను చేరినపిమ్మట చల్లనీరుగాని తీపిగాని తగిలినప్పుడు జివ్వుమనును. నరములును రక్తనాళములును గల లోపలి మెత్తని భాగమును చేరినప్పుడుగాని నిద్రపట్టనీయని నొప్పి రాదు. కావున నొప్పి వచ్చిన పిమ్మట పోదమనువాడు మొదటి రెండు మజిలీలను విడిచి, మూడవదానియందు వైద్యుని కలిసికొనుచున్నాడు. మొదట కొలది నిమిషములలో పూడ్చదగిన గుంతకై తుదకు నరము తీయవలసివచ్చును, లేదా పన్నే పెరుకవలసివచ్చును. లవంగము నొప్పిని కొంతసేపు మొద్దుబార్చును గాని పుచ్చును మాన్పదు. ఆ బాలుని మూడు దినములు మోసపుచ్చినది అదియే.

తలిదండ్రులు ముఖ్యముగా ఎరుగవలసిన సంగతి యొకటి కలదు. సుమారు ఆరేండ్ల ప్రాయమున పాలపండ్లకు వెనుకగా నాలుగు పెద్ద దవడపండ్లు మొలచును. వానికొరకు పాలపన్నేదియు ఊడదు. అందుచే ఇవియు పాలపండ్లే, పోయినను మరల వచ్చునని పలువురు తలంతురు. కాని అవి శాశ్వతదంతములు. పోయినచో మరల రావు. నమలు భాగమున లోతైన చాళ్లుండుటచే అవియే తరచుగా ముందు పుచ్చును. ఆ చాళ్లను పుచ్చకపూర్వమే పూతతో మూయు పద్ధతి నేడు కలదు. నా పోయిన పండ్లలో ఒకటి అట్టిది. మా యింట దానిని పాలపన్ననియే యెంచిరి.

ఇచ్చట మరియొక మాట. కొందరికి భయముకంటె సిగ్గు హెచ్చు. పండ్లపై గోధుమవర్ణపు మచ్చలున్నవారిని, పండ్లు తోముకొననివారని పరిహసించుట నేను విన్నాను. పండ్లు రూపొందు బాల్యమున ఫ్లోరైడు మితిమీరిన నీరు త్రాగినవారికి అట్టి మచ్చలు కలుగును. నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడు వ్యాధినిగూర్చి 1937లోనే వైద్యులు ప్రకటించిరి. నల్లగొండ గ్రామముల గాథ అందరెరిగినదే. అది నీటి దోషముగాని పిల్లల దోషము కాదు.

తాతగారి మాట అబద్ధమని నేననను. 1844లో అమెరికాలోని హార్ట్‌ఫర్డు పట్టణమున హోరేస్ వెల్స్ అను దంతవైద్యుడు నైట్రస్ ఆక్సైడు వాయువును పీల్చి, తన పన్నునే పెరికించుకొని, బాధ తెలియలేదని కనుగొనెను. పిమ్మట 1943లో స్వీడనునందు లోఫ్‌గ్రెన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు లిడొకెయిన్ అను మందును సిద్ధపరచెను. చిగుటిలో దానిని ఎక్కించినచో ఆ చోటు మాత్రమే మొద్దుబారును. మనము మెలకువగానే యుందుము. కావున పట్టుకొనుటకు నలుగురి పని లేదు. సూది గ్రుచ్చినప్పుడు కొంచెము నొప్పి యుండును. ఉండదని పిల్లలతో చెప్పరాదు. ఒకసారి మోసపోయిన పిల్లవాడు రెండవసారి నమ్మడు. "అల్లరి చేసిన పండ్ల డాక్టరు నొద్దకు పంపెదను" అని బెదరించుట అంతకంటె కీడు.

నొప్పి లేనప్పుడే మొదటిసారి తీసికొనిపొండు. ఉత్త పరీక్షకు చిన్న అద్దమును, సన్నని కొక్కెమును చాలును. సాధారణముగా సూది యవసరముండదు. ఎన్ని మాసములకొకసారి పోవలెనో నోటి స్థితిని బట్టి వైద్యుడే చెప్పును, ఆరుమాసములనుట వాడుక. పెద్దవారైనను "నాకు భయముగా నున్నది" అని మొదటనే చెప్పవచ్చును. నేను చెప్పితిని. వైద్యుడు నవ్వలేదు. చేయి యెత్తినచో పని ఆపెదనని మాట యిచ్చి, ప్రతి పరికరమును ముందుగా చూపి, పిమ్మటనే నోటిలో పెట్టెను. ఎడమచేయి రెండుసార్లెత్తితిని, రెండుసార్లును ఆపెను. భయము పోయెనని చెప్పజాలను గాని, కుర్చీలో కూర్చుండగలిగితిని. ముక్కుతో మెల్లగా గాలి పీల్చి, అంతకంటె మెల్లగా విడుచుటయు కొంత మేలు చేసెను.

నాలవ దినమున ఆ బాలుని, వాని తల్లిని వెంటబెట్టుకొని పోయితిని. నరము తీసి, వేరులోని నాళమును శుభ్రపరచి నింపవలసివచ్చెను, మూడుమారులు తిరిగితిమి. పన్ను మాత్రము దక్కెను. వాడు ఒకసారియే చేయి యెత్తెను, అదియు ఉమ్మివేయుటకు! మరల పరీక్షకు రమ్మన్న తేదీని లెక్కలపుస్తకపు అట్టమీద వ్రాసికొనెను. నాకును ఆ దినమే ఏర్పాటైనది.