గోడయు గుమ్మములును: అక్రమ వలసను గూర్చిన పాఠము



అనుమతి లేకుండ దేశములోనికి వచ్చువారిని ఏలాగు ఆపవలెను? గోడ కట్టవలెనా, వేరొక మార్గము వెదకవలెనా? అమెరికాలో ఎన్నో ఏండ్లుగా జరుగుచున్న ఈ వాదము నేడు మన ఇండ్లలోనికి కూడ వచ్చినది. మన కుటుంబముల పిల్లలు అక్కడ చదువుచున్నారు, పనిచేయుచున్నారు. కావున కూటములలో చర్చించుటకు వీలుగా ఈ పాఠమును సిద్ధపరచితిమి. ముందుగా నెహెమ్యా గ్రంథము 3వ అధ్యాయము చదువుకొనుడి.

1. వాదము ఏమిటి?

అమెరికా, మెక్సికోల మధ్య సరిహద్దు పొడవు సుమారు 3,145 కిలోమీటర్లు. అందులో దాదాపు మూడింట రెండు వంతులు రియో గ్రాండే నదియే. మిగిలినది ఎడారులు, కొండలు, పట్టణములు. 2006లో చేసిన చట్టమును బట్టి కంచె పని విస్తరించి, 2017 ఆరంభమునకు సుమారు 1,050 కిలోమీటర్ల మేర కంచె ఉండెను. ట్రంప్ మొదటి పదవీకాలములో సుమారు 730 కిలోమీటర్లు కట్టిరి గాని, అందులో ఎక్కువ భాగము పాత కంచె తీసివేసి ఆ స్థానములో కట్టినదే. 2025 జూలైలో చేసిన చట్టము గోడ కొరకు 4,650 కోట్ల డాలర్లు కేటాయించెను.

ఈ విషయములో అమెరికా బాప్టిస్టులు కూడ మాట్లాడిరి. 2017 జనవరి 20న, ట్రంప్ ప్రమాణ స్వీకారమునకు ముందు జరిగిన ఆరాధనలో డాలస్ ఫస్ట్ బాప్టిస్టు సంఘ కాపరి రాబర్ట్ జెఫ్రెస్ నెహెమ్యా గోడను గూర్చి ప్రసంగించెను. అంతకు ముందే, 2011లో సదరన్ బాప్టిస్టు కన్వెన్షన్ ఒక తీర్మానము చేసెను. సరిహద్దులను భద్రపరచుడని చెప్పుచు, అప్పటికే లోపల నివసించుచున్నవారికి న్యాయమును కనికరమును గల మార్గము చూపుడని ప్రభుత్వమును కోరెను. ఒకే విశ్వాసము గలవారే ఒకరు గోడను, మరియొకరు గోడతోపాటు మార్గమును చూచిరి.

2. గోడ చేయగలిగినది

గోడ వలన ప్రయోజనమే లేదనుట సరికాదు. అరిజోనాలోని యూమా ప్రాంతములో 2005లో సుమారు 1,38,000 మంది పట్టుబడగా, కంచె వేసిన తరువాత 2008లో ఆ సంఖ్య 9,000 లోపునకు దిగెను. అయితే అక్కడ కంచెతోపాటు కావలివారును పెరిగిరి, పట్టుబడినవారిపై కేసులును పెరిగెను. అదే కాలములో దేశమంతట పనులు కూడ తగ్గెను.

శాన్ డియేగో అనుభవము మరియొక సంగతి నేర్పుచున్నది. 1992లో అక్కడ 5,60,000 మందికి పైగా పట్టుబడిరి. కంచెయు కాపలాయు వచ్చిన పిమ్మట, 2002 నాటికి అది లక్షకు తగ్గెను. కాని జనులు వలస మానలేదు, త్రోవ మార్చుకొనిరి. టూసన్ ఎడారి ప్రాంతములో 1992లో సుమారు 71,000 ఉన్న సంఖ్య 2000లో 6,16,000కు చేరెను. 1995 మొదలుకొని పది సంవత్సరములలో సరిహద్దు దాటుచు మరణించినవారి సంఖ్య రెండింతలకు మించెను. వారిలో అనేకులు ఎండకు, దాహమునకు ఎడారిలో ప్రాణములు విడిచినవారు.

3. గోడ చేయలేనిది

అనుమతి లేకుండ అమెరికాలో ఉన్నవారందరు గోడ దూకి వచ్చినవారు కారు. పరిశోధకుల అంచనాల ప్రకారము ఇంచుమించు 40 శాతము మంది వీసాతో విమానము దిగి, గడువు దాటినను నిలిచిపోయినవారు. వీరిని ఎంత ఎత్తు గోడయు ఆపజాలదు.

ఇక్కడనే మన పిల్లల ప్రస్తావన వచ్చుచున్నది. మిచిగాన్ రాష్ట్రములో ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయమను పేరుతో అధికారులే ఉచ్చుగా ఒక బూటకపు విద్యాలయమును నడిపిరి. అందులో తరగతులు లేవు, ఉపాధ్యాయులు లేరు. 2019 జనవరిలో ఆ సంగతి బయటపడగా 129 మంది భారతీయ విద్యార్థులు నిర్బంధింపబడిరి. వారిలో చాలమంది తెలుగువారే. వీరిలో ఎవరును గోడ దూకలేదు.

2025 ఫిబ్రవరి 5న 104 మంది భారతీయులను అమెరికా సైనిక విమానములో అమృతసర్‌కు పంపివేసిరి. ఏజెంట్లకు లక్షల రూపాయలు చెల్లించి, అడవులును దేశములును దాటి వెళ్లి, సంకెళ్లతో తిరిగివచ్చినవారు వారిలో ఉన్నారు. గోడ పెరిగినకొలది దళారి అడుగు సొమ్ము పెరుగుచున్నదని గమనింపుడి.

4. ఇతర మార్గములు

మొదటిది, పనికి సక్రమమైన అనుమతి. 1942 నుండి 1964 వరకు బ్రసేరో అను పథకము క్రింద మెక్సికో కూలీలు ఒప్పందముపై అమెరికా పొలములలో పనిచేసిరి. 1954లో పది లక్షలకు పైగా అక్రమముగా వచ్చి పట్టుబడగా, 1959 నాటికి ఆ సంఖ్య 50,000 లోపునకు వచ్చెను. 1954లో జరిగిన పెద్ద గాలింపులు కూడ ఇందుకు కారణమే. కూలీలకు అన్యాయములు జరిగిన మాటయు నిజమే. అయినను పథకము మూసిన పిమ్మట అక్రమ రాకపోకలు మరల పెరిగెను.

రెండవది, పని ఇచ్చువానిని ప్రశ్నించుట. 1986 చట్టము సుమారు 27 లక్షల మందికి స్థిరనివాసము ఇచ్చి, ఇకమీదట తెలిసియుండి అనుమతి లేనివారికి పని ఇచ్చుట నేరమనెను. కాని దొంగ కాగితములు చూపగా యజమానులు అంగీకరించిరి. అందుచేత కంప్యూటరు ద్వారా కాగితములను సరిచూచు ఈ-వెరిఫై విధానము వచ్చెను. అరిజోనా రాష్ట్రము 2008 నుండి దానిని యజమానులందరికి తప్పనిసరి చేసెను.

మూడవది, ఆశ్రయము కోరువారి విషయము త్వరగా తేల్చుట. విచారణకు ఏండ్లు పట్టినప్పుడు, నిజముగా ప్రాణభయముతో వచ్చినవాడును పనికొరకు వచ్చినవాడును ఒకే వరుసలో నిలుచుందురు. 2023 డిసెంబరులో సరిహద్దున సుమారు 2,50,000 మంది పట్టుబడిరి. మెక్సికో తన వైపు కట్టుదిట్టము చేయుట చేతను, 2024 జూన్‌లో ఆశ్రయ నియమములు బిగించుట చేతను 2024 డిసెంబరులో అది 50,000 లోపునకు తగ్గెను. ఈ తగ్గుదలకు కొత్త గోడ కారణము కాదు. 2025లో ఆశ్రయ ద్వారము దాదాపు మూయబడగా నెలకు 10,000 లోపే పట్టుబడిరి. అయితే నిజముగా అపాయములో ఉన్నవారికిని ఆ ద్వారము మూయబడినదని మరువరాదు.

5. మనమును ఒకప్పుడు పరదేశులమే

యానాము చెంతనున్న కోరంగి రేవు పేరునుబట్టి బర్మావారు తెలుగు కూలీలను కోరంగీలని పిలిచిరి. 1930లో రంగూను రేవులో తెలుగు కూలీల సమ్మె తరువాత పని ఎవరిదను తగవు పెద్ద అల్లరియై, అనేకులు చనిపోయిరి. 1941లో భారతీయుల రాకను తగ్గించుటకు ఒప్పందము చేసిరి. 1942 యుద్ధములో లక్షలాదిగా కాలినడకన తిరిగివచ్చిరి. 1964 తరువాత మరల అనేక కుటుంబములు ఓడలలో వచ్చెను. విశాఖలో స్థిరపడిన బర్మా కుటుంబములను అడిగిన ఆ కథ చెప్పుదురు. నేడు వేరొకరిని గూర్చి పలుకు మాటలు ఆనాడు మన పెద్దలను గూర్చి పలికినవే.

ముగింపు

తన సరిహద్దును కాచుకొను హక్కు ప్రతి దేశమునకు కలదు. అయినను నెహెమ్యా 3వ అధ్యాయములో గోడతోపాటు గొఱ్ఱెల గుమ్మము, మత్స్యపు గుమ్మము మొదలైనవి పేరు పేరున వ్రాయబడినవి. వాటికి తలుపులును గడియలును ఉన్నవి, అనగా తెరచుటకును మూయుటకును ఒక క్రమము ఉన్నది. గుమ్మము లేని గోడ మనిషిని దళారి చేతికి అప్పగించును. గడియ లేని గుమ్మము ఆ దేశ ప్రజల నమ్మకమును పోగొట్టును. రెండును కలిసి ఉండవలెనని మా అభిప్రాయము.

మన బాధ్యత ఇంటియొద్దనే ఆరంభమగుచున్నది. పిల్లలను పంపకముందు విద్యాలయమును, వీసా షరతులను మనమే సరిచూచుకొందము. ఏజెంటు మాట నమ్మి పొలము తాకట్టు పెట్టకుందము. తిరిగి పంపబడి వచ్చినవానిని హేళన చేయక చేర్చుకొందము.

చర్చకు ప్రశ్నలు

1. శాన్ డియేగోలో తగ్గి టూసన్‌లో పెరుగుట వలన మనము ఏమి నేర్చుకొనవలెను?
2. తప్పు ఎవరిది ఎక్కువ: వచ్చినవానిదా, పని ఇచ్చినవానిదా, దళారిదా? ఎందుచేత?
3. ప్రాణభయముతో వచ్చినవానిని, పనికొరకు వచ్చినవానిని ఏలాగు వేరుపరచవచ్చును?
4. మీ సంఘములో పరదేశము వెళ్లగోరు యువతకు ఎవరు సలహా ఇచ్చుచున్నారు? సంఘము ఏమి చేయగలదు?