బండి ఎద్దులను వెనక్కి లాగదా?

ప్రశ్న: ఎద్దులు బండిని ఎంత బలంతో ముందుకు లాగితే బండి వాటిని అంతే బలంతో వెనక్కి లాగుతుందని మా పాఠంలో ఉంది. మరి రెండూ సరికి సరి అయిపోయి బండి ఉన్నచోటే ఉండిపోవాలి కదా? మా సారునడిగితే పరీక్షకు అక్కర్లేదన్నారు.
– తొమ్మిదో తరగతి విద్యార్థిని, తెనాలి

జవాబు: పరీక్షకు అక్కర్లేకపోవచ్చమ్మా. కానీ న్యూటన్ మూడో సూత్రం ఒంటబట్టిందో లేదో తేల్చేది ఈ ప్రశ్నే.

'సరికి సరి' అన్నావు చూడు, మెలిక అక్కడే ఉంది. మీ అన్నయ్య ఖాతాలో వెయ్యి పడి, నీ ఖాతాలోంచి వెయ్యి పోతే నీ లెక్క సరిపోయినట్టా? బలాలూ అంతే. ఎద్దులు లాగే బలం బండి మీద పడుతుంది, బండి లాగే బలం ఎద్దుల మీద పడుతుంది. ఎవరి ఖాతా వారిదే.

మరి ఎద్దులను ముందుకు తోసేదెవరు? నేల! బరువు బండి కదిలే క్షణంలో గిట్టలు చూడు. కాడికి మెడ ఆనించి, గిట్టతో నేలను వెనక్కి తన్నుతుంది ఎద్దు. నేల ఆ గిట్టను ముందుకు నెడుతుంది. వాన పడ్డాక అదే బండి, అవే ఎద్దులు కదల్లేక నిలబడిపోతాయి. చక్రం కూరుకుపోవడం ఒక కారణమైతే, గిట్ట జారడం రెండోది. ఎద్దుల సత్తువేం తగ్గలేదు, నేలనుంచి దొరికే ఘర్షణ బలం తగ్గింది.

అంకెలతో చూద్దాం. బండి 500 కిలోలు, ఎద్దుల జత 800 కిలోలు అనుకో. ఎద్దులు బండిని 400 న్యూటన్లతో లాగుతుంటే, దారి, ఇరుసు రాపిడి కలిసి 350 న్యూటన్లతో అడ్డుకుంటున్నాయి. మిగిలింది 50. దాన్ని 500తో భాగిస్తే త్వరణం 0.1. అంటే ప్రతి సెకనుకూ వేగం సెకనుకు 0.1 మీటరు చొప్పున పెరుగుతుంది. ఇక ఎద్దుల ఖాతా: నేల 480 ముందుకు, బండి 400 వెనక్కి. మిగిలిన 80ని 800తో భాగించు. మళ్లీ 0.1! ఒకే కాడికి కట్టినవి కదా, వేరుగా వస్తేనే తప్పు.

ప్రశ్న: బస్సుకు సడన్ బ్రేకు పడితే ముందుకు తూలిపడతాం. ఆ తోసే బలం ఎక్కడిది?
– ఎనిమిదో తరగతి విద్యార్థి, సిద్దిపేట

జవాబు: అలాంటి బలమే లేదు. బస్సు నెమ్మదిస్తే, దాన్ని అంటుకున్న నీ పాదాలూ నెమ్మదించాయి. నడుము పైభాగానికి ఇంకా ఆ కబురు అందలేదు, పాత వేగంతోనే పోతోంది. జడత్వమంటే ఇదే. కండక్టరు కాళ్లు ఎడంగా పెట్టి, సీటు కమ్మీకి ఆనుకుని టికెట్లు కొట్టడం చూశావా? తనను ఆపే బలం ఆ కమ్మీనుంచి తీసుకుంటున్నాడు.

కదులుతూ ఉండాలంటే ఎవరో తోస్తూనే ఉండాలని పెద్దవాళ్లు కూడా అనుకుంటారు. దొర్లిన బంతి ఆగిపోతుంది కాబట్టి అలా అనిపిస్తుంది. దాన్ని ఆపింది రాపిడి. క్యారమ్ బోర్డు మీద పౌడరు చల్లేది అందుకే. 1977లో వెళ్లిన వాయేజర్ 1ను ఇప్పుడు ఏ ఇంజినూ తోయడం లేదు, అయినా సెకనుకు దాదాపు 17 కిలోమీటర్ల వేగంతో పోతూనే ఉంది.

ప్రశ్న: బరువైన వస్తువు ముందు పడుతుందా?
– ఏడో తరగతి విద్యార్థి, అనంతపురం

జవాబు: నోటుబుక్కు మీద చిన్న కాగితం ముక్క పెట్టి, పుస్తకాన్ని అడ్డంగా పట్టుకుని వదిలేయ్. రెండూ కలిసే పడతాయి, కాగితానికి ఎదురుగాలి తగలదు కాబట్టి. గాలే లేని చంద్రుడి మీద 1971లో అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ సుత్తినీ ఈకనూ ఒకేసారి వదిలాడు. అవీ ఒక్కసారే నేలను తాకాయి.

ప్రశ్న: మావాడికి సూత్రాలన్నీ కంఠతా వచ్చు. లెక్క ఇస్తే మాత్రం తెల్లమొహం వేస్తాడు. ట్యూషన్ పెట్టించమంటారా?
– ఒక తండ్రి, రాజమహేంద్రవరం

జవాబు: నెల్లాళ్లు ఆగండి. ఏ లెక్కైనా, అందులోని ఒక్క వస్తువునే విడిగా గీయమనండి. దాన్ని తాకుతున్నవేవో అడగండి: తాడు, నేల, చెయ్యి. తాకిన ప్రతిదానికీ బాణం, ఘర్షణ ఉంటే దానికో బాణం, తాకకుండానే లాగే భూమికి కిందివైపు మరొకటి. సూత్రం ఆ తర్వాతే. పైన ఎద్దుల లెక్క తేలింది కూడా ఇలాగే. బొమ్మ లేకుండా లెక్క మొదలుపెడితే మాత్రం మొహమాటపడకుండా నోట్సు వెనక్కి ఇచ్చేయండి.