కెప్టెన్ లక్ష్మి

తుపాకి పట్టడం మగవాళ్ల పని అంటారు. యుద్ధం ఆడవాళ్ల వల్ల కాదంటారు. కాని 1943లో వందల మంది ఆడవాళ్లు తుపాకి పట్టారు. వాళ్లకు నాయకురాలు ఒక డాక్టరమ్మ. ఆమె కథ చదువుదాం.

ఆమె పేరు లక్ష్మి. 1914లో మద్రాసులో పుట్టింది. తల్లి అమ్ము స్వామినాథన్ స్వాతంత్ర్య పోరాటంలో పనిచేసింది. లక్ష్మి 1938లో డాక్టరు చదువు పూర్తి చేసింది. 1940లో సింగపూర్ వెళ్లింది. మన దేశం నుంచి కూలికి పోయిన పేదలకు అక్కడ వైద్యం చేసింది.

సింగపూర్ పక్కనే మలయా. ఇప్పుడది మలేషియాలో భాగం. అక్కడ తెల్లదొరల రబ్బరు తోటలు ఉండేవి. తోటల్లో మన కూలీలే ఎక్కువ. వాళ్లలో చాలామంది తమిళులు. తెలుగువాళ్లూ ఉండేవారు.

1942లో జపాను సైన్యం సింగపూర్‌ను పట్టుకుంది. 1943 జూలైలో నేతాజీ సుభాష్ చంద్రబోస్ అక్కడికి వచ్చాడు. ఆజాద్ హింద్ ఫౌజ్‌కు నాయకుడయ్యాడు. ఈ సైన్యం జపానుతో కలిసి తెల్లవాళ్ల మీద పోరాడింది. ఇందులో ఆడవాళ్ల దళం కూడా ఉండాలని నేతాజీ అన్నాడు.

లక్ష్మి ఇరవై మంది ఆడవాళ్లను పోగుచేసింది. వాళ్లు చీరలతోనే బరువైన తుపాకులు పట్టుకుని నేతాజీకి సైనిక వందనం చేశారు. అలా ఝాన్సీ రాణి దళానికి పునాది పడింది. లక్ష్మి వైద్యం వదిలి దళం బాధ్యత తీసుకుంది. కెప్టెన్ అయింది. ఆజాద్ హింద్ ప్రభుత్వంలో మంత్రి కూడా అయింది.

దళంలో చేరడం తేలిక కాదు. పెళ్లికాని పిల్లకు తండ్రి ఒప్పుకోవాలి. పెళ్లయిన ఆమెకు భర్త ఒప్పుకోవాలి. అయినా వచ్చారు. చదువుకున్న అమ్మాయిలు వచ్చారు. తోటల్లో కూలి చేసే ఆడవాళ్లు వచ్చారు. వీళ్లలో చాలామందికి చదువు రాదు. మన దేశాన్ని ఎన్నడూ చూడనివాళ్లూ ఉన్నారు. చీర బదులు సైనిక దుస్తులు వేసుకున్నారు. కవాతు చేశారు. తుపాకి కాల్చడం, గాయాలకు కట్టు కట్టడం నేర్చుకున్నారు.

1944లో దళం బర్మా చేరింది. తర్వాత యుద్ధం ఎదురు తిరిగింది. సైన్యం వెనక్కి తగ్గింది. దళానికి ముందు వరుసలో పోరాడే అవకాశం రాలేదు. గాయపడ్డ సైనికులకు సేవ చేశారు. 1945లో తెల్లవాళ్లు లక్ష్మిని పట్టుకున్నారు. 1946లో మన దేశానికి తెచ్చారు.

1947లో ఆమె ప్రేమ్ సెహగల్‌ను పెళ్లి చేసుకుంది. ఆయన కూడా ఆ సైన్యంలో అధికారే. కాన్పూరులో కాపురం పెట్టారు. లక్ష్మి మళ్లీ వైద్యం మొదలుపెట్టింది. పేదలకు కాన్పులు చేసింది. 1984లో భోపాల్‌లో విషవాయువు వేలమందిని చంపింది. లక్ష్మి డాక్టర్లను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లింది. 2002లో రాష్ట్రపతి పదవికి పోటీ చేసింది. గెలవలేదు. తొంభై ఏళ్లు దాటినా రోగులను చూసింది.

2012లో కాన్పూరులో కన్నుమూసింది. తన శరీరాన్ని డాక్టరు చదివే పిల్లల కోసం ఇచ్చింది.

తుపాకి పట్టిన చెయ్యీ, పురుడు పోసిన చెయ్యీ ఒక్కటే. అవసరం వచ్చినప్పుడు ఆమె "ఇది నా పని కాదు" అనలేదు.

కొత్త మాటలు
దళం: సైన్యంలో ఒక గుంపు
కవాతు: సైనికులు వరసగా, ఒకే అడుగుగా నడవడం

మాట్లాడుకుందాం
1. దళంలో చేరడానికి ఎవరి ఒప్పుదల కావాలి? అది సరైనదేనా?
2. మీ ఊళ్లో "ఆడవాళ్లకు చేతకాదు" అనే పనులు ఏవి? వాటిలో మీరు ఏవి చేస్తున్నారు?
3. లక్ష్మి చేసిన పనుల్లో మీకు ఏది గొప్పగా అనిపించింది? రెండు మాటలు రాయండి.