అరిగిపోవు సృష్టి, వ్యర్థముకాని ప్రయాసము

చదువవలసిన భాగములు: కీర్తన 102:25–27, రోమా 8:18–25, 1 కొరింథీ 15:58



పొయ్యిమీదనుండి దించిన సంగటికుండ కొంతసేపటికి చల్లారును. చల్లారిన కుండ తనంతట తాను మరల వేడెక్కుట ఎవరును చూడలేదు. ఆ వేడిమి నశింపలేదు. గాలిలో చెదరిపోయి పనికిరానిదాయెను. ఈ చెదరుటకైన కొలతకు 1865లో క్లాసియస్ అను జర్మను శాస్త్రజ్ఞుడు ‘ఎంట్రోపీ’ అని పేరుపెట్టెను. బయటితో ఇచ్చిపుచ్చుకొనుట లేని చోట అది తగ్గదు.

మదనపల్లె మార్కెట్టులోని టమోటా కొలది దినములలో మెత్తబడి కుళ్లును. కుప్పము గ్రానైటు బండయు ఎండవానలకు యుగయుగములుగా అరుగును. మరి పుంగనూరు ఆవు ఎట్లు నిలుచుచున్నది? గడ్డి సూర్యకాంతిని పుచ్చుకొని పెరుగును. ఆవు ఆ గడ్డిని మేసి పాలిచ్చును. జీవము ఈ నియమమును మీరుటలేదు. దినదినము పుచ్చుకొనుచు బ్రదుకుచున్నది.

ఇచ్చు సూర్యుడును తరుగుచున్నాడు. అతని వయస్సు సుమారు 460 కోట్ల సంవత్సరములు. ఇంకను సుమారు 500 కోట్ల సంవత్సరములకు అతని నడిమిభాగమందలి ఇంధనము తీరును. విశ్వము విస్తరించు వేగము హెచ్చుచున్నదని 1998లో తెలిసెను. ఇది ఇట్లే సాగినయెడల, ఎంతో కాలమునకు నక్షత్రములన్నియు ఆరి, చలియు చీకటియు మిగులునని శాస్త్రజ్ఞుల అంచనా.

ఇది విని కొందరు, బైబిలు ఋజువైనదని సంతోషింతురు. తొందరపడకుడి. కీర్తనకారుడు సృష్టిని చివికిన బట్టతో పోల్చినది శాస్త్రము నేర్పుటకు కాదు. మారని దేవుని ఆశ్రయించుటకే. పునరుత్థానము కొలతకు అందునది కాదు, అది వాగ్దానము.

మరికొందరు, అన్నియు ఆరిపోవునప్పుడు మన ప్రయాసమేల అందురు. వారు ఆరోగ్యవరమును తలంచుకొందురు గాక. 1915లో మిషనులు కలిసి మదనపల్లె చెంత అక్కడ క్షయరోగుల ఆసుపత్రి తెరచెను. క్షయను అణచు స్ట్రెప్టోమైసిన్ మందు 1943 వరకు కనుగొనబడలేదు. అంతవరకు విశ్రాంతి, మంచి ఆహారము, స్వచ్ఛమైన గాలి, ఇవే ముఖ్య చికిత్స. ఆ తొలి దినములలో స్వస్థపడినవారును తరువాత కన్నుమూసిరి. అంతమాత్రమున వారికి అందించిన గంజి వ్యర్థమగునా? కాదు. ప్రేమ విలువ అది నిలుచు కాలమునుబట్టి కాదు, దానిని జ్ఞాపకముంచుకొను ప్రభువునుబట్టి.

పౌలు సృష్టి మూలుగును ప్రసవవేదనతో పోల్చెను. ప్రసవవేదన బిడ్డకొరకైనది. కనుక నిరీక్షణతో పనిచేయుదము.

ఆలోచింపుడి: ఈ నెలలో మీ గ్రామమందు వాడిపోవుచున్న ఎవరిని మీరు ఆదరింపగలరు?