వికిరణ విధానంలో తయారయ్యే ఉష్ణస్పందన హైడ్రోజెల్‌లు – మామిడి అంట్లకు అనుకూలత

ఏలూరు జిల్లాలోని చాట్రాయి మండలం నూజివీడు మామిడి ప్రాంతానికి చెందినది. ఇక్కడ తొలకరి తరువాత నాటిన బంగినపల్లి, రసాల అంట్లకు మరుసటి వేసవి కీలకమైనది. వేర్లు లోతుకు చేరని ఆ దశలో నీటిని నిల్వ చేసే హైడ్రోజెల్‌లు ఉపకరిస్తాయి. అయితే ఉష్ణోగ్రతకు స్పందించే ప్రతి జెల్ వేసవికి అనువైనది కాదు.

హైడ్రోజెల్ అనగా నీటిలో కరగకుండా ఉబ్బి, నీటిని పట్టి ఉంచే పాలిమర్ వల. పాలిమర్ ద్రావణంపై కోబాల్ట్-60 గామా కిరణాలను ప్రసరింపజేసినప్పుడు నీటి అణువులు విడిపోయి హైడ్రాక్సిల్ రాడికల్స్ ఏర్పడతాయి. ఇవి పాలిమర్ గొలుసుల నుండి హైడ్రోజన్‌ను తొలగించగా, ఆ గొలుసులు పరస్పరం బంధింపబడి వలగా మారతాయి. విడిగా బంధక రసాయనాలు కలపనవసరం లేదు. సాధారణంగా మోతాదు పెరిగే కొద్దీ వల బిగుసుకొని, ఉబ్బే గుణం తగ్గుతుంది. 2007లో అమెరికాకు ప్రారంభమైన మామిడి ఎగుమతులలో పండ్లకు ఇచ్చే 400 గ్రే మోతాదు వలెనే, ఈ ప్రక్రియలోనూ గామా కిరణాల వలన పదార్థానికి రేడియోధార్మికత సంక్రమించదు.

ఈ తరగతిలో ఎక్కువగా అధ్యయనం చేయబడిన పాలీ ఎన్-ఐసోప్రొపైల్ ఎక్రిలమైడ్ జెల్ సుమారు 32 డిగ్రీల సెల్సియస్ కంటే దిగువన ఉబ్బుతుంది; ఆపైన నీటిని విడిచి ముడుచుకుంటుంది. వేసవి పగటివేళ పైపొర నేల ఈ హద్దును దాటుతుంది. అప్పుడు జెల్ నీటిని విడిచివేయడమే కాక, నేల చల్లబడే వరకు కొత్తగా పెట్టిన తడిని కూడా నిల్వ చేయలేదు. ఎక్రిలిక్ ఆమ్లం వంటి జలాకర్షక పదార్థాన్ని చేర్చి ఈ హద్దును పెంచవచ్చు.

ఇందుకు భిన్నంగా, భారత వ్యవసాయ పరిశోధన సంస్థ రసాయన విధానంలో రూపొందించిన పూసా హైడ్రోజెల్ 40–50 డిగ్రీల వద్ద కూడా నీటిని బాగా పీల్చుకుంటుంది. శుద్ధజలంలో ఇది తన బరువుకు కనీసం 350 రెట్ల నీటిని గ్రహిస్తుంది. ఆ లెక్కన 5 గ్రాములు 1.75 లీటర్లు పట్టాలి. కాని బోరునీటిలోని లవణాలు, నేల ఒత్తిడి వలన తోటలో ఈ పరిమాణం బాగా తగ్గుతుంది.

కాబట్టి ఏ జెల్‌నైనా కొనే ముందు ఒక గ్రామును తోట బోరునీటిలో నానబెట్టి, పూర్తిగా ఉబ్బిన తరువాత తూచాలి. ఆపై 45 డిగ్రీల వేడినీటి తొట్టెలో పాత్రను ఉంచి పరిశీలించాలి. జెల్ ముడుచుకొని నీరు వేరుపడినచో అది వేసవి అంట్లకు పనికిరాదు. నిలిచిన జెల్‌ను కూడా ముందుగా కొన్ని మొక్కల వేరు మండలంలోనే వాడి, జెల్ వేయని మొక్కలతో ఒక వేసవి పోల్చిన తరువాతనే తోటంతటికీ విస్తరించాలి.