వేడినీళ్ల హీటరు: ఫ్యూజు ఇంటిని కాపాడుతుంది, మనిషిని కాదు

పుష్యమాసం చలి మహదేవపూర్ అడవి పల్లెల్లో ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పనక్కరలేదు. ఒకప్పుడు తెల్లారకముందే వాకిట్లో కట్టెల పొయ్యి మీద కాగు ఎక్కేది. ఇప్పుడు చాలా ఇళ్లలో ఆ పని బకెట్లో వేలాడే హీటరు కడ్డీ చేస్తున్నది. స్నానానికే కాదు, పాల గిన్నెలు కడగడానికి, బర్రెల కుడితికి కూడా దాన్నే వాడుతున్నారు. పని సులువే గాని, ఏమరుపాటుగా ఉంటే ప్రాణం మీదికి వస్తుంది.

మా ఇంట్లో జరిగిందే చెబుతాను. నీళ్లు కాగాయో లేదోనని ఒకనాడు స్విచ్ ఆపకుండానే బకెట్లో వేలు పెట్టాను. మోచేయి దాకా జివ్వుమన్నది. కాళ్లకు రబ్బరు చెప్పులు ఉండబట్టి బతికిపోయాను. తర్వాత చూస్తే కడ్డీ గొట్టానికి వెంట్రుకంత చీలిక ఉన్నది. గొట్టం లోపల వేడెక్కే తీగ చుట్టూ కరెంటు పారనివ్వని పొడి దట్టించి ఉంటుంది. చీలికలోంచి ఆ పొడిలోకి నీరు చేరితే, కరెంటు నీళ్లలోకి వస్తుంది.

"ఫ్యూజు ఉన్నది కదా" అనుకోవద్దు. 1500 వాట్ల కడ్డీ దాదాపు 6.5 ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. ఫ్యూజు అంతకు మించితేనే పోతుంది. మనిషి గుండె ఆగడానికి ఆంపియరులో పదో వంతు కూడా అక్కర లేదు. మనిషిని కాపాడేవి రెండు: మంచి ఎర్తింగు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. పోయిన కరెంటు అంతా తిరిగి రాకపోతే ఆర్‌సీసీబీ రెప్పపాటులో సరఫరా ఆపేస్తుంది. దాని మీది టెస్ట్ బటన్‌ను నెలకోసారి నొక్కి చూడండి.

పాటించాల్సిన జాగ్రత్తలు:

1. ఐఎస్ఐ గుర్తు ఉన్న, మూడు పిన్నుల ప్లగ్గు కడ్డీనే కొనండి. 16 ఆంపియర్ల సాకెట్‌కే పెట్టండి. అతుకుల వైరు వాడవద్దు.

2. ముందు నీళ్లు పోసి, కడ్డీని గుర్తు దాకా ముంచి, ఆ తర్వాతే స్విచ్ వేయండి. నీళ్లు లేకుండా వేస్తే కడ్డీ కాలిపోతుంది.

3. 20 లీటర్ల నీళ్లు స్నానానికి సరిపడా కాగడానికి ఆ కడ్డీకి దాదాపు అరగంట చాలు. గడియారం చూడండి, వేలు పెట్టవద్దు.

4. స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, కాసేపు ఆగి కడ్డీ తీయండి.

5. కుడితిలో, ఉప్పు నీళ్లలో, దసలి కాయలు ఉడికించే సోడా నీళ్లలో కడ్డీ పెట్టవద్దు. కుడితిలోని తవుడు కడ్డీకి అంటుకుని మాడుతుంది, గొట్టం పాడవుతుంది. ఉత్త నీళ్లు కాచి కుడితిలో కలపండి.

6. తడి నేల మీద, వట్టి కాళ్లతో ముట్టవద్దు. పిల్లలను, పశువులను దగ్గరికి రానీయవద్దు.

7. ఎండాకాలంలో ఎర్తింగు గుంతలో నీళ్లు పోయండి. న్యూట్రల్‌కు బదులు ఎర్తు తీగ వాడే అలవాటు మానండి.

ఎవరికైనా షాక్ తగిలితే చేత్తో పట్టుకోవద్దు. ముందు మెయిన్ ఆపండి. వీలుకాకపోతే ఎండు కట్టెతో వైరును పక్కకు నెట్టండి. 108కు ఫోన్ చేయండి. మనిషి ఊపిరి ఆడకుంటే ఛాతీ నడుమ నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండండి.

ఈ వారమే మీ కడ్డీని వెలుతురులో పెట్టి తిప్పి చూడండి. చీలిక గాని, తుప్పు గాని కనిపిస్తే మరమ్మతు చేయించవద్దు, పారేయండి. కొత్త కడ్డీ ఖర్చు ఇంటి మనిషి కంటే ఎక్కువేం కాదు.