కందిపప్పు ఉడికే నీళ్లు

సత్యనారాయణపురం,
విజయవాడ.

చిరంజీవి బుజ్జికి, అత్త దీవించి రాయునది.

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన ఫ్లాటు బొమ్మలు పక్కింటి అమ్మాయి పెద్దవి చేసి చూపించింది. ఈతకొలను చూశాను, పైన తోట చూశాను. తాగడానికి నీళ్లెక్కణ్నుంచి వస్తాయో మాత్రం ఎక్కడా రాయలేదు. ఈలోగా మీ అమ్మ ఫోన్ చేసి, అదేదో ప్రీ లాంచ్ అట, శుక్రవారంలోగా సగం డబ్బు కడితే బాగా తగ్గిస్తారట అంది. నాకా రాత్రి నిద్రపట్టలేదు. ఫోన్లో అయితే ‘సరే అత్తా, సరే అత్తా’ అని పెట్టేస్తావు. అందుకే కాగితం పట్టుకున్నాను.

‘అద్దె వస్తుంది, ఈఎంఐ దానంతటదే తీరిపోతుంది’ అన్నావు. కేలండరు వెనక లెక్క కట్టాను. 60 లక్షల అప్పు, ఎనిమిదిన్నర వడ్డీ, ఇరవయ్యేళ్లు. నెలకి 52 వేలు. నువ్వు చెప్పిన అద్దె 24 వేలు. తక్కిన 28 వేలూ నీ జీతంలోంచే కదా? ఏడాదిలో ఒక నెలైనా ఇల్లు ఖాళీగా ఉంటుంది, ఉండక మానదు. పదకొండు నెలల అద్దె 2,64,000. ఫ్లాటుకి పెట్టే 80 లక్షల మీద నూటికి మూడు రూపాయల ముప్పై పైసలు. రిజిస్ట్రేషన్‌కి 6 లక్షలు వేరే. కొనొద్దనను. మొదట్లో చాలా ఏళ్లు ఆ ఇంటిని నువ్వే పోషించాలి, అంతే.

ఇక శుక్రవారం సంగతి. రెరా నంబరు లేనిదానికి రూపాయి కట్టకు. నంబరు రాకముందు అమ్మడమే తప్పని 2016 చట్టం. నంబరున్నా సరే, అగ్రిమెంటు రిజిస్టరు చేయకుండా ఖరీదులో పదోవంతుకి మించి పుచ్చుకోకూడదు. తొందర వాళ్లది, నీది కాదు. లింకు డాక్యుమెంట్లు, ఈసీ (పాత క్రయవిక్రయాలు, తాకట్లు చూపే కాగితం) వకీలుకి చూపించు. ఫీజు దగ్గర మీ నాన్నలా గీచి గీచి బేరమాడకు.

వకీలు చూడనిది ఒకటుంది. నీళ్లు.

నవ్వకు. పెళ్లయిన కొత్తలో మేమున్న వాటాలో, నాలుగు కాపురాలకి ఒకటే కుళాయి. ఇంటావిడ పొద్దున్న గంటసేపు వదిలేది. వరసలో నా బిందె పోకుండా దానిమీద ఎర్ర తువ్వాలు వేసి, పొయ్యి దగ్గరికి పరిగెత్తేదాన్ని. మీ నాన్న అప్పుడు మా దగ్గరే ఉండి చదువుకునేవాడు, తెలుసుగా. ఓ చెంబు ఎక్కువ పోసుకున్నాడని ఆవిడ వాణ్ని ఎంత మాటందో వాడు ఇవాళ్టికీ ఎవరికీ చెప్పడు. నాకు గుర్తుంది.

అందుకే 1984లో ఈ ఇల్లు చూడ్డానికొచ్చినప్పుడు మీ మామయ్య దస్తావేజులు తిరగేస్తుంటే నేను పెరట్లో నూతి దగ్గరికి పోయాను. ఓ చేద తోడి, సీసాలో పట్టుకెళ్లి, ఆ నీళ్లలో కందిపప్పు వేశాను. వెన్నలా ఉడికింది. బేరం కుదిరింది. ఉప్పునీళ్లలో ఉడకదురా, ఎంతసేపు పెట్టినా పలుకుగానే ఉంటుంది. అలాంటి నీళ్లున్న ఇంట్లో గీజరు చెడిపోతుంది, కుళాయిలకి తెల్లగా పొర కడుతుంది, వచ్చినవాళ్లు ఏడాది తిరక్కుండా ఖాళీ చేస్తారు. నీ లెక్కలో ఆ ఖాళీ నెలలెక్కడున్నాయి?

మామయ్య నా మాట విననిది ఒక్కసారే. 1996లో ఊరి చివర ప్లాటు, జీపీఏ మీద, అంటే ఒట్టి పవర్ ఆఫ్ అటార్నీ కాగితంతో. ఏప్రిల్లో చూసొచ్చి నేల బండలా ఉందన్నారు. శ్రావణం దాకా ఆగుదామన్నాను. ఆగలేదు. శ్రావణంలో వెళ్తే మా హద్దురాళ్ల మీద కొంగలు నుంచునున్నాయి. చెరువు పోరంబోకట. ఈసీ మాత్రం మచ్చలేకుండా ఉంది. ఈసీలో చెరువు కనబడదు బుజ్జీ. జీపీఏ కాగితంతో హక్కు రాదని 2011లో సుప్రీంకోర్టు తేల్చేసరికి ఆయన ఆ ఊరి పేరెత్తడమే మానేశారు. మొన్న 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్ ఇళ్లలో నీళ్లు నిలిచినప్పుడు టీవీ చూస్తూ ‘నువ్వు చెప్పావు’ అన్నారు. ఇరవై ఎనిమిదేళ్లకి.

మీ హైదరాబాదులో చెరువుగట్టు ఇళ్లు కూల్చడం చూస్తూనే ఉన్నాను. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండితే నీరెంతవరకు వస్తుందో ఆ గీత. ఆ గీత దాటాక కూడా కొంతమేర కట్టకూడదు. ఆ పటం తెప్పించుకో. స్థలం మే నెలలో ఓసారి, జోరువానలో ఓసారి చూడు. సేల్సు కుర్రాణ్ని అడక్కు. పక్క అపార్ట్‌మెంటు వాచ్‌మన్ భార్యనడుగు, ఎండాకాలం రోజుకెన్ని ట్యాంకర్లొస్తాయో. అసలు ఆ కట్టబోయేదాని బదులు, ఓసీ (కాపురానికి అనుమతి కాగితం) వచ్చి, పదేళ్లుగా మనుషులు కాపురముంటున్న పాత ఫ్లాటు చూడరాదూ? ఈతకొలను ఉండదు. పోనీ.

రాత్రి రెండింటిదాకా ల్యాప్‌టాప్ ముందేనట. కళ్లజోడు నంబరు పెరిగిందట. చిన్నప్పుడు మా నూతిగట్టు మీద కూచుని కొబ్బరిచిప్పలో నీళ్లు పోసి అమ్మేవాడివి, చిప్ప అయిదు పైసలు. మామయ్య దగ్గర పది వసూలు చేశావు. వ్యాపారం నీకు రాదని నేనెప్పుడన్నాను?

అద్దెకిచ్చే రోజొస్తే అగ్రిమెంటు రాయించు. అడ్వాన్సుకి రసీదివ్వు. మోటారు స్విచ్చి మాత్రం నీ చేతిలో పెట్టుకోకు, వాళ్లకే వదిలెయ్.

ఎల్లుండి రామారావు మామ కూతురు బస్సులో అటొస్తోంది, మాగాయ పంపుతున్నాను. ఆ ఫ్లాటు స్థలం దగ్గర బోరు ఉంటే ఓ సీసా నీళ్లు పట్టి, తిరుగు బస్సులో ఆ పిల్ల చేతికియ్యి. కందిపప్పు నా దగ్గరుంది.

ఆశీస్సులతో,
అత్త